ప్రశ్నల గది తాళంచెవి

మా ఆడపడుచుకు దేవుడి మీద నమ్మకం లేదు. మా ఆయనేమో ప్రార్థన మందిరంలో ప్రసంగాలు చేసే మనిషి. ఒక్క తల్లి కడుపున పుట్టి ఒకరు ఉత్తరం, ఒకరు దక్షిణం ఎలా అయ్యారా అని జనం ఆశ్చర్యపోతుంటారు. ఆ ఇద్దరికీ కంచాలు పెట్టి, ఇద్దరి వాదనా విని, చల్లారిపోయిన కూర మళ్ళీ వెచ్చబెట్టే నన్ను చూసి మాత్రం ఎవరూ ఆశ్చర్యపోరు.

మందిరం శుభ్రం నాది. గుమ్మటం కింద నల్లరాతి నేల ఉంది చూడండి, అందులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. చాపలు వరసగా పరిచేదీ నేనే. ఒక చాప అంచు పక్కచాప కన్నా వేలెడు ముందుకొచ్చిందంటే నాకు ప్రార్థన మీద మనసు నిలవదు. కళ్ళు మూసుకుని వేడుకుంటూనే కాలి బొటనవేలితో దాన్ని వెనక్కి లాగేస్తాను.

"దేవుడు వరసలు చూడడే," అంటారు మా ఆయన.

"ఆయన చూడకపోతే నేను చూస్తాను," అంటాను నేను.

మందిరం వెనక ఒక చిన్న గది ఉంది. మా ఆడపడుచు బళ్ళో సైన్సు టీచరు. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ గదిలో పిల్లల్ని పోగేసి ప్రశ్నల తరగతి నడుపుతోంది. ఎవరైనా ఏదైనా అడగొచ్చు. ఎవరో పెద్దవాళ్ళు చెప్పారు కదా అని ఒప్పుకోకూడదు, ఆ పెద్దవాళ్ళలో టీచరున్నా సరే. వారమంతా పాఠాలు అప్పజెప్పించుకుని నీరసపడ్డ మనిషి ఆదివారం ఆ గదిలోంచి పదేళ్ళు చిన్నదై బయటికొస్తుంది. ఆ గది తాళంచెవి మెళ్ళో గొలుసుకే వేసుకుంటుంది. ఆ పిల్లలు నా చాపల్ని చిందరవందర చేస్తారు కాబట్టి ఆ తరగతంటే నాకు ఒళ్ళుమంట. ఉన్నమాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

గొడవ ఒక పాటతో మొదలైంది. అందరూ కలిసి "భూమిని కదలకుండా నిలిపినవాడా" అని పాడుతుంటే, ముందు వరసలో కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్ల లేచి నిలబడింది. "కదులుతోంది కదా, టీచర్ చెప్పారు," అంది గట్టిగా. మందిరమంతా గొల్లున నవ్వింది. నవ్వనివాడు ఒక్కడే, మందిరం కమిటీ పెద్దాయన. ఆయనకు రంగుల కొట్టుంది. ఊళ్ళో సగం గోడలకు ఏ రంగు పడాలో ఆయనే తేలుస్తాడు, మిగతా సంగతులు కూడా తనే తేల్చాలనుకుంటాడు.

"ఆ ప్రశ్నల గది మూసేద్దాం. సామాన్లు పెట్టుకోవచ్చు," అన్నాడు కమిటీలో.

మా ఆయన రెండు గంటలు వాదించారు. చెల్లెలితో వాదించి వాదించి ఆ విద్యలో ఆరితేరారు మరి. చివరికి పెద్దాయన విసుగెత్తి మా ఆడపడుచు వైపు తిరిగాడు.

"టీచరమ్మా, ఇన్ని మాటలెందుకు? కదులుతుంటే చూపించు. పుస్తకంలో బొమ్మ కాదు, ఇక్కడ, ఈ మందిరంలో, నా కళ్ళకి కనపడాలి. చూపించావా, తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది. లేదా, తెచ్చి నా చేతిలో పెట్టు."

అడిగిందే తడవుగా ఆమె ఎగిరి గంతేసింది. "ఇంత ఎత్తు గుమ్మటం నాకింకెక్కడ దొరుకుతుందండీ!" అంది. ఆయన బెదిరించాననుకున్నాడు, ఈమె వరం దొరికిందనుకుంది.

ఉపాయం నాకర్థమైనంత వరకు ఇదీ. గుమ్మటం నడిమి నుంచి సన్నటి ఉక్కు తీగ వేలాడదీస్తారు. దాని చివర పాతిక కిలోల ఇనప గుండు. ఊపి వదిలితే గుండు తన దారిన తాను అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. కింద నేల మాత్రం మెల్లగా తిరుగుతుంది. నేలతోపాటు మనమూ తిరుగుతాం కనక, గుండే పక్కకు జరిగినట్టు మన కళ్ళకు కనిపిస్తుంది. దాని కింద ఒక గీత గీసి ఉంచితే, రెండు గంటల్లో గుండు ఆ గీతను వదిలేసి వేరే వైపుకు ఊగుతుంటుంది.

ఆ గీత నేల మీద సుద్దతో గీస్తానంది.

"నా నేల మీద సుద్దముక్క పెట్టావంటే చెయ్యి విరగ్గొడతాను," అన్నాను.

దాంతో వడ్రంగి చేత సన్నటి పొడుగాటి చెక్క ఒకటి చేయించి, నల్లరంగు వేయించి, దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు లావుగా సుద్దగీత గీసింది. చెక్కను గుండు కింద పెట్టింది.

ఇక కాపలా ఎవరన్నది మిగిలింది. గాలి ఆడకూడదు, తలుపులు మూసెయ్యాలి, లోపల జనం మసలకూడదు. టీచరమ్మ లోపలుంటే చెయ్యి వేస్తుందని పెద్దాయనకు అనుమానం. ఆయనుంటే ఈమెకు అనుమానం. అన్నగారిని ఇద్దరూ వద్దన్నారు. అప్పుడు అందరూ నా వైపు చూశారు.

"అమ్మగారికి అబద్ధం రాదు," అన్నాడు పెద్దాయన. నాకు చెప్పలేనంత గర్వమేసింది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి గుండును పక్కకు లాగి దారంతో కట్టి, ఆ దారాన్ని అగ్గిపుల్లతో కాల్చారు. చేత్తో వదిలితే కుదుపు వస్తుందట. గుండు సరిగ్గా సుద్దగీత వెంబడే ఊగడం పెద్దాయన వంగి మరీ చూసుకున్నాడు.

"వదినా, గుండుని ముట్టుకోకు. తీగని ముట్టుకోకు. గట్టిగా ఊపిరి కూడా వదలకు," అంది మా ఆడపడుచు తలుపు దగ్గర.

"సరేలేవే, నాకు చెప్పాలా?" అన్నాను.

తలుపులు మూసుకున్నాయి. చాపలన్నీ తీసేశాం కనక గుండ్రటి నల్లటి నేల మధ్య నేనూ, గుండూ, ఆ చెక్కా. పావుగంట గడిచింది. చూద్దును కదా, చెక్క వంకరగా ఉంది! గుండు ఊగే దారికీ సుద్దగీతకూ చివర్లో రెండు వేళ్ళ తేడా. నేను తుడిచిన నేల ఎంత నునుపంటే దాని మీద చెక్క కూడా నిలవకుండా జారుతోంది అనుకున్నాను. లేచి, ఈ చివర బొటనవేలితో కాస్త నెట్టి, చుట్టూ తిరిగి వెళ్ళి ఆ చివర కూడా నెట్టి, గీతను గుండు దారికి తిన్నగా చేసి వచ్చి కూర్చున్నాను. గుండు జోలికి పోలేదు, తీగ జోలికి పోలేదు. ఊపిరి కూడా బిగబట్టే చేశాను.

ఇంకో పావుగంటకు మళ్ళీ వంకర. మళ్ళీ సర్దాను. మళ్ళీ వంకర.

మీరు నన్ను తెలివితక్కువదాన్ననుకోవచ్చు. కానీ రెండు వేళ్ళ వంకరను చూసి భూమి తిరుగుతోందని ఎవరనుకుంటారండీ? భూమంత భూమి తిరిగిందంటే గుండు వెళ్ళి ఆ గోడకు గుద్దుకోవాలి కదా అని నేను దాని కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. జనం వచ్చేసరికి చెక్క తీరుగా లేకపోతే నాకు మాటొస్తుందని అలా ఎనిమిదిసార్లు సర్దాను.

పదకొండింటికి తలుపులు తెరిచారు. ముందు పెద్దాయన, వెనక మా ఆడపడుచు, ఆ వెనక మా ఆయన, గుమ్మంలో ప్రశ్నల తరగతి పిల్లలు. గుండు ఊపు తగ్గింది గానీ సుద్దగీత వెంబడే పొద్దున్నలాగే ఊగుతోంది.

"అంగుళం కూడా జరగలేదే," అన్నాడు పెద్దాయన. పాపం, ఆయన గొంతులో కూడా సంతోషం కన్నా ఆశ్చర్యమే ఎక్కువుంది.

మా ఆడపడుచు ముందుకొచ్చింది. పైకి గుమ్మటం వైపు చూసింది, తీగ చూసింది, గుండు చుట్టూ ఒకసారి తిరిగింది. "ఎక్కడో తప్పు చేశాను. ఎక్కడో తెలియట్లేదు," అంది. తర్వాత పిల్లల వైపు తిరిగింది. "కంటికి కనపడిందాన్ని కాదనకూడదని మీకు చెప్పింది నేనే కదా." అని మెళ్ళో గొలుసు తీసి, తాళంచెవిని విడదీయడం మొదలుపెట్టింది.

నాకు చూడబుద్ధి కాలేదు. పని మీద పడితే బాధ తెలియదని తడిగుడ్డ తీసుకుని చెక్క చివర రాలిన సుద్దపొడి తుడవడానికి వంగాను.

అక్కడ ఎనిమిది తెల్లటి మరకలున్నాయి. నేను నెట్టినప్పుడల్లా చెక్క అంచు నుంచి రాలిన పొడి. ఒకదాని పక్కన ఒకటి, రెండేసి వేళ్ళ ఎడంలో, అన్నీ ఒకే వైపుకు. జారే చెక్క ఇష్టమొచ్చినట్టు జారుతుంది. ఇలా కొలిచినట్టు ఎందుకు జారుతుంది?

చెక్క జారలేదు, నేలే తిరిగింది. కంచే చేను మేసింది, ఆ కంచెను నేనే. చేతిలో గుడ్డ ఉంది. ఒక్కసారి ఇటూ అటూ తుడిచేస్తే ఎవరికీ తెలియదు. అబద్ధం రాని అమ్మగారిగా ఇంటికి పోవచ్చు. పైగా నా చాపల పీడా వదులుతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో నా బుర్రలోకి వచ్చాయి, దాచడమెందుకు? కానీ తలెత్తేసరికి తాళంచెవి పెద్దాయన చేతికి అంగుళం దూరంలో ఉంది.

"ఆగండి! అది ఇవ్వకే! తప్పు నాది!" అని అరిచాను. నా గొంతు గుమ్మటానికి తగిలి తిరిగొచ్చింది.

జరిగిందంతా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. మా ఆడపడుచు తిడుతుందనుకున్నాను. ఆమె నా పక్కన నేల మీద కూలబడింది.

"ఎన్నిసార్లు?"

"ఎనిమిది."

"ప్రతిసారీ ఒకే వైపుకా?"

"ఇటే. గడియారం ముల్లు తిరిగే వైపు."

"ఎంతెంత?"

"రెండేసి వేళ్ళు."

ఆమె ఆ మరకల మధ్య తన వేళ్ళు పెట్టి చూసుకుంది. తర్వాత నా మెడ చుట్టూ చేతులు వేసి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఊగిపోయింది. "ఓసి నా వదినా! ఏం కొలుస్తున్నావో తెలియకుండా ఎంత బాగా కొలిచావే!"

"అదేమిటి? అమ్మగారు చెక్క తిప్పితే భూమి తిరిగినట్టా?" అన్నాడు పెద్దాయన.

"మంచి ప్రశ్న అడిగారు," అన్నారు మా ఆయన. "మీరే కూర్చుని చూడండి. పావుగంట చాలు. ఈవిడ చేతులు నేను పట్టుకుంటాను."

"కాళ్ళు కూడా పట్టుకో అన్నయ్యా, వదిన నెట్టేది బొటనవేలితో," అంది చెల్లెలు.

గుండును మళ్ళీ ఊపారు. పెద్దాయన చెక్క చివర గొంతుక్కూర్చుని రెప్ప వెయ్యకుండా చూశాడు. మా ఆయన నిజంగానే నా రెండు చేతులూ పట్టుకున్నారు. పెళ్ళిలో పట్టుకున్న తర్వాత నలుగురి ముందు పట్టుకోవడం మళ్ళీ అదే. చెక్క వంకర అవుతుంటే సర్దకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకే తెలుసు.

పావుగంటయింది. పెద్దాయన గీతకూ గుండు దారికీ మధ్య తన రెండు వేళ్ళు పెట్టాడు. సరిగ్గా సరిపోయాయి. ఉన్నట్టుండి రెండు అరచేతులూ నేలకానించి గట్టిగా పట్టుకున్నాడు.

"తిరుగుతోందయ్యా! నా కిందే తిరుగుతోంది!"

పిల్లలు పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు. అరవై ఏళ్ళ మనిషి అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు, నా కళ్ళు మళ్ళీ తడిశాయి. తాళంచెవిని మా ఆడపడుచు తనే మళ్ళీ గొలుసుకు ఎక్కించుకుంది.

"ఇంత చేసినా నేను నమ్మను అన్నయ్యా, నీ దేవుణ్ణి," అంది.

"నమ్మమని ఇవాళ ఎవరడిగారే? నువ్వు చూడమన్నావు, నేను చూశాను. చూసినందుకు నేను ఆయనకి దణ్ణం పెట్టుకుంటాను, నువ్వు వడ్రంగికి పెట్టుకో," అన్నారు మా ఆయన.

మర్నాడు ఆదివారం. ప్రశ్నల తరగతికి పిల్లలకన్నా ముందు పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. మా ఆయన కూడా వచ్చారు. నేను చాపలు ఎలా పడితే అలా పరిచేసి గోడకానుకున్నాను. పెద్దాయన బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

"టీచరమ్మా, అయ్యగారూ, మీ ఇద్దర్నీ అడుగుతున్నా. సరే, తిరుగుతోంది. ఇంతమందిని వీపునెక్కించుకుని, ఒకర్ని కూడా తూలి పడనివ్వకుండా, రాత్రీ పగలూ ఇలా తిరుగుతోంది కదా. ఎందుకోసం?"

అన్నగారు చెల్లెలి వైపు చూశారు, చెల్లెలు అన్నగారి వైపు చూసింది.

"నాకు తెలియదు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నా ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఆ అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడడం అదే మొదటిసారి.