శుక్రవారం చెక్కులు

శుక్రవారం మాకు పట్టుదారం తీసే చరకా పని లేదు. మిగతా ఆరు రోజులూ మరిగే నీళ్ళలో వేళ్ళు ముంచి, ఉడికిన పట్టుగూళ్ళ నుంచి దారం కొసలు వెతికి అందించే నా చేతులు ఆ ఒక్కరోజే మనిషి చేతుల్లా ఉంటాయి. అందుకే మా ఆయన అమానుల్లా చెక్కుబుక్కు శుక్రవారమే తెచ్చేవాడు. "పది చెక్కులకు సంతకాలు పెట్టియ్యి గుల్షన్. కడమ దినాలు నీ చెయ్యి వణుకుతాది, బ్యాంకోళ్ళు వాపసిస్తారు" అనేవాడు. పెట్టేదాన్ని. అంకె రాయని చెక్కుల మీద, మూడేళ్ళుగా.

ఆడవాళ్ళ పేరైతే అప్పు తొందరగా ఇస్తారని ఖాతా నా పేరున తెరిపించింది ఆయనే. ఒక సోమవారం హిందూపురం మార్కెట్లో గూళ్ళు కొనేకి దుడ్లు లేవన్నాడు. "లిమిట్ నిండిపోయిండాది." లిమిట్ అంటే ఏమిటని అడిగితే మా అత్త పీరాంబీ నవ్వింది. "నీళ్ళల్లో చేతులు పెట్టేదానికి బ్యాంకు సంగతులెందుకే?"

నేనే బ్యాంకుకు పోయాను. గుమాస్తా దేవదాసు సారు లెడ్జరు తిప్పాడు. "పదివేల దాకా ఎప్పుడు కావాల్నంటే అప్పుడు తీసుకోవచ్చమ్మా. గూళ్ళు కొనేకి తీస్తావు, దారం అమ్మి కడతావు, మళ్ళా తీస్తావు. వాడుకున్నదానికే వడ్డీ. కానీ పోయిన నెల ఒకేసారి ఆరువేలు తీసినారు, అది తిరిగి రాలేదు. కట్టకుంటే నోటీసు నీకే వస్తాది."

పోయిన నెలే మా మరిది మోటారు సైకిలు కొన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బొబ్బలకు మందు తెమ్మంటే "కొబ్బరినూనె ఉండాది గదా" అన్న మనిషి! ఇంటికొచ్చి మా ఆయన్ని నిలదీస్తే, "నీ పేరుంటే నీదైపోతాదా? ఇంటి దుడ్లు" అన్నాడు. ఇంటివట. కాలేవి మాత్రం నా వేళ్ళు.

మిగిలిన దారమంతా అమ్మి ఆయన బుధవారం కొంత కట్టాడు. లిమిట్‌లో మళ్ళీ చోటు దొరికింది. ఆ రాత్రే "తమ్ముడికి ఇంకో రెండువేలు కావాలంట" అన్నాడు.

గురువారం మా ఇంట్లో గూళ్ళు లేక పక్కింట్లో కూలికి దారం తీసి, చేతులు ఆరకముందే బ్యాంకుకు పోయాను. సంతకం మార్చుకుంటానన్నాను. దేవదాసు సారు కొత్త సంతకం పెట్టే కార్డు ఇచ్చాడు. ఉబ్బిన వేళ్ళలో పెన్ను నిలవలేదు. అక్షరాలు వంకరపోయాయి.

"ఇదేందమ్మా, ఇట్లుండాది?"

"ఆరు దినాలు నా చెయ్యి ఇట్లే ఉంటాది సార్. ఇంక ఈ సంతకం ఉంటేనే దుడ్లియ్యండి."

మరునాడు మా ఆయన చెక్కుబుక్కు తెచ్చాడు. పది చెక్కుల మీదా, గుండ్రంగా, ముచ్చటగా, ఆయనకు నచ్చే పాత సంతకమే పెట్టి ఇచ్చాను.