తడి ఆరేదాకా

నా పార్లర్‌లో ఒక పద్ధతి ఉంది. రింగుల జుట్టుతో ఎవరొచ్చినా ముందు తలంటుతాను. క్రీమూ నూనే ఏదీ రాయకుండా దానంతట దాన్నే ఆరనిస్తాను. అది అలల జుట్టో, ఉంగరాల జుట్టో, స్ప్రింగులా చుట్టుకునే జుట్టో అప్పుడే తేలుతుంది. ఆరేలోపు ఎవరైనా చెయ్యి పెడితే రింగు విచ్చుకుని పీచైపోతుంది. తొందరపడేవాళ్లను వేరే చోటు చూసుకోమంటాను. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది.

ఆ మధ్యాహ్నం మా చెల్లి తన మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. పెళ్లయ్యాక అది నా పార్లర్ గడప తొక్కడం అదే మొదలు.

"వదినా, దీని జుట్టు స్ట్రెయిట్ చేసెయ్యండి," అన్నాడు మరిది, అది నోరు తెరవకముందే. నవ్వు మొహం మనిషి. ఇంట్లో అందరం అతన్ని వెన్నముద్ద అంటాం. మా అమ్మయితే కూతురికంటే ముందు అల్లుణ్ణే పలకరిస్తుంది.

"దాన్ని చెప్పనివ్వు బాబూ. తల దానిది," అన్నాను.

"స్ట్రెయిటే చెయ్యక్కా," అంది చెల్లి, అద్దంలో అతన్నే చూస్తూ.

ముందు తలంటాలని చెప్పి దాన్ని పరదా వెనక సింకు దగ్గరికి తీసుకెళ్లాను. నీళ్లు పోద్దామని చెయ్యెత్తితే ఉలిక్కిపడింది. షాంపూ రుద్దుతుంటే నడినెత్తికి కాస్త కింద నా వేళ్లకు గరుకు తగిలింది. పాయలు తీసి చూశాను. జబ్బుతో ఊడిన చోటు నున్నగా ఉంటుంది. ఇక్కడ అలా లేదు. కొన్ని వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి, కొన్ని గోరంత ఉన్నాయి, కొన్ని వేలెడు పెరిగాయి. ఊడబెరికిన చోటే మళ్లీ మళ్లీ ఊడబెరికారు. చుట్టూ రింగులు దట్టంగా ఉండబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు.

నేను ట్యాప్ కట్టబోతే చెల్లి నా మణికట్టు పట్టుకుంది.

"కట్టకక్కా. వినబడుతుంది."

"ఎన్నాళ్ల నుంచే?"

"రింగుల్లో ఆయన వేళ్లు చిక్కుకుంటున్నాయట. అందుకే గట్టిగా లాగాల్సొస్తోందట. జుట్టు తిన్నగా ఉంటే ఇంత అవదు కదా?"

అది నన్ను నిజంగానే అడుగుతోంది. నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి.

దాన్ని అతనితో పంపకూడదు, అంతే. వెనక గదిలోకి వెళ్లి నాన్నకు ఫోన్ చేశాను. అతను వింటాడని 'వెంటనే రండి' అని మాత్రం చెప్పి పెట్టేశాను. తర్వాత చెల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆరడానికి చాలాసేపు పడుతుందనీ, నేనే దింపుతాననీ, అతన్ని వెళ్లమనీ చెప్పాను.

"పర్లేదు వదినా. నాకేం తొందర లేదు," అన్నాడు వెన్నముద్ద. స్టూలు లాక్కుని సరిగ్గా దాని వెనకే కూర్చున్నాడు.

రింగులు ఒక్కొక్కటే ఆరి పైకి ముడుచుకుంటున్నాయి. అన్నీ ఆరితే నాకిక సాకు లేదు. అతను ఫోన్ చూసుకుంటున్నప్పుడల్లా స్ప్రే బాటిల్‌తో జుట్టు మీద నీళ్లు కొట్టాను. అద్దాలు తుడిచాను, తుడిచినవే మళ్లీ తుడిచాను.

"ఇందాక ఆరిన చోటే మళ్లీ తడిగా ఉందేంటి వదినా?" అన్నాడు చివరికి, నవ్వుతూనే.

నేను జవాబు వెతుక్కునేలోపే నాన్న రొప్పుతూ లోపలికి వచ్చాడు. అల్లుణ్ణి చూడగానే ఆయన మొహం తేటపడింది.

"హమ్మయ్య, ఏమైందో అనుకున్నాను. జుట్టు కోసమా ఈ హడావిడి? అల్లుడుగారిని ఎంతసేపే కూర్చోబెడతావు? ఇక పంపించు."

నేను కుర్చీ పక్కనుంచి కదల్లేదు.

"ఏం ఫర్లేదు మామయ్యగారూ," అంటూ వెన్నముద్ద లేచాడు. కుర్చీ వెనక కొక్కేనికి చెల్లి చేతిసంచి వేలాడుతోంది. దాన్ని తీద్దామని చెయ్యి చాచాడు. ఆ చెయ్యి సంచి దాకా వెళ్లకముందే చెల్లి తల దానంతటదే వెనక్కి వంగింది, కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. అతను చెయ్యి దించాకే తల లేచింది.

నాన్న చూశాడు. నేను దాని పాయలు పక్కకు తీసి ఆ చోటు కూడా చూపించాను. ఆయన అల్లుడి వైపు తిరిగాడు.

"అమ్మాయి మా ఇంటికొస్తుంది," అన్నాడు.

"అలాగే మామయ్యగారూ. రేపొచ్చి తీసుకెళ్తాను," అన్నాడు వెన్నముద్ద. మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు. సంచి చెల్లి ఒళ్లో జాగ్రత్తగా పెట్టి, తలుపు చప్పుడవకుండా వేసి వెళ్లాడు.

నేను తలుపు గడియ పెట్టాను. నాన్న అక్కడే నేల మీద కూలబడ్డాడు. చెల్లి అద్దంలో తలుపు వైపే చూస్తూ నా కొంగు పట్టుకుని లాగింది.

"స్ట్రెయిట్ చేసెయ్యక్కా," అంది. "రేపు ఆయనొచ్చేలోపు చేసెయ్యి."