కిషన్ రావు నమ్మని ముల్లు

మట్టెవాడలో భద్రమ్మ ఇంటి మేడగదిలో కిషన్ రావు అద్దెకుండేవాడు. ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు. తగరంతో చేసిన పొడిని ముద్దచేసి, కొలిమిలో కాల్చి, మిరియపు గింజంత పింగాణీ పూస తయారుచేశానని ఎనభై మూడులో వాడకట్టంతా చెప్పుకు తిరిగాడు. పూసను ఒక పెట్టెలో బిగించి, వేడెక్కించి గొట్టంలో ఊదితే, ఊపిరిలోని వాసనకు పెట్టె మీద ముల్లు లేస్తుందట. రక్తం తీయకుండానే షుగరు ముదిరినవాళ్లను పట్టేస్తుందట. అది ఇంకా ఒక్క రోగినీ పట్టలేదు గానీ, దానికి పట్టుగుడ్డ తొడుగు మాత్రం అప్పుడే కుట్టించాడు.

భద్రమ్మకు ఆ వాసన తెలుసు. పదకొండేళ్ల కింద భర్త రామలింగం నోట మాగిన పండు వాసన వచ్చింది. అరటిపండు తిన్నాడనుకుని ఊరుకుంది. మూడోనాటికి మనిషి లేడు. షుగరు ముదిరితే అలాగే వస్తుందని డాక్టరు తర్వాత చెప్పాడు. అప్పటినుంచి ఇంట్లో ఎవరు తుమ్మినా ఆమెకు గుండె జారేది. బజారుకు పోయేవాళ్లను కూడా మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేది.

ఆ ఏకాదశినాడు కోడలు పద్మ నోట అదే వాసన వచ్చింది. ఇరవయ్యేళ్ల పిల్ల నెలరోజుల్లో సగమైంది. చెంబులకు చెంబులు నీళ్లు తాగుతోంది. కొడుకు సారంగపాణి చూస్తే సరుకు కోసం బొంబాయి వెళ్లాడు. భద్రమ్మ మెట్లెక్కి కిషన్ రావును పిలుచుకొచ్చింది.

"సారూ, పిల్ల నోట్లె వాసనొస్తాంది. జర జూడు. దవాఖానకు తీస్కపోవాల్నా?"

"ముక్కుతోని రోగాలు జెప్తరా పెద్దమ్మా? గందుకే గదా సైన్సున్నది."

అతను పెట్టె తెచ్చి ముందు పెడితే పద్మ ఊదింది. ముల్లు చివరిదాకా వెళ్లి ఆగింది. కిషన్ రావు ముఖం వెలిగింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పోల్చాలంటూ భద్రమ్మ చేత కూడా ఊదించాడు. ముల్లు మళ్లీ అటే పరుగెత్తింది. వెలిగిన ముఖం ఆరిపోయింది.

"పూస కరాబైంది. రాయిలెక్కున్నవు, నీకు గూడ షుగరంటాంది. పిల్లకేం గాలే, ఫికర్ జెయ్యకు. రేపు కొత్త పూస ఏస్త."

"పూసదేం తప్పు లేదు సారూ. ఏకాదశికని నేను నిన్న పొద్దటిసంది ఏం తినకుంట ఒక్కపొద్దున్న. కడుపు మాడినా గదే వాసనొస్తది, ఏండ్లసంది నాకెర్కే. పిల్లేమో పొద్దటిసంది రెండుసార్లు తిన్నది. తిన్న పిల్లకు ఉపాసమున్న ముసల్దాని వాసనెందుకొస్తది?"

"నువ్వు జెప్తె నేను రాస్కోవాల్నా?" అని నవ్వి, కిషన్ రావు పెట్టెకు తొడుగు వేశాడు. తాను కాల్చిన పూస నిజమే చెప్పింది. కానీ అది బడి మొహం చూడని ముసలమ్మ మాటతో కలవడం అతనికి మింగుడుపడలేదు.

భద్రమ్మ కొత్త పూస కోసం ఆగలేదు. రిక్షా పిలిచి కోడలిని దవాఖానకు తీసుకెళ్లింది. రక్తం చూసిన డాక్టరు వెంటనే సూదిమందు వేసి సెలైను పెట్టించాడు. ఇంకో పూట ఆగితే దక్కేది కాదన్నాడు. మూడోరోజుకు పద్మ లేచి కూర్చుని గంజి తాగింది.

నాలుగోరోజు కిషన్ రావు నోటుబుక్కుతో దవాఖానకు వచ్చాడు.

"పెద్దమ్మా, మన పెట్టె పట్టిన తొలి పేషెంటు పద్మనే. డాక్టరు కాయితం ఓసారిస్తవా? కాలేజీల రిపోర్టు రాయాలె."

"ఇస్త. గని మొత్తం రాయాలె. ముల్లు లేసినంక గూడ పూస కరాబైంది, పిల్లకేం గాలేదన్నవు. అది గూడ రాయి."

"గసొంటివి రాయరు పెద్దమ్మా. దానికండ్ల జాగుండది."

"అట్లైతే నా కోడలికి గూడ అండ్ల జాగ లేదు."

భద్రమ్మ కాయితాన్ని మడిచి బొడ్లో దోపుకుని, గంజిగిన్నె అందుకుని కోడలి వైపు తిరిగింది. అతను నోటుబుక్కు పట్టుకుని ఇంకాసేపు మంచం పక్కనే నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు.