పెద్దకోడలి పక్కసీటు

మావాడి పెళ్ళితో మా ఇంటికి ఇద్దరు కోడళ్ళు వచ్చారు. ఒకరు మనిషి, ఒకరు కారు. కారే ముందు వచ్చింది కాబట్టి దాన్ని నేను పెద్దకోడలు అంటాను. పెళ్ళికూతురిదే ఆ కారు, పెళ్ళికి వారం ముందే తెచ్చి మా షెడ్డులో పెట్టారు. అప్పటిదాకా ఆ షెడ్డులో నా గుడ్డల మూటలుండేవి. అవి నా గదిలోకి వచ్చేశాయి. దాంతో నా గదిలో నేను పక్కకి తిరగడానికి లేకుండా పోయింది.

అది స్పోర్ట్స్ కారట. ఆకుపచ్చ రంగు, బాగా పాతది, నా నడుమెత్తు కూడా ఉండదు. పైకప్పు గుడ్డది. కుట్టు మాత్రం బాగుంది, అది ఒప్పుకోవాలి. మొదటిసారి చూసినప్పుడు నేను లోపలికి వంగి వెతికాను. "వెనక సీటేదిరా?" అని అడిగితే మావాడు నవ్వి, "దీనికి ఉండదమ్మా, ఇద్దరే" అన్నాడు. నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. కొత్తగా పెళ్ళయ్యేవాళ్ళు ఇద్దరు, సీట్లు రెండు. ఆ లెక్కలో నేనెక్కడా లేనని ఆ రోజే తేలిపోయింది.

నేను దర్జీని. ఇంట్లోనే కోట్లు, గౌన్లు కుడతాను, పాతవి సరిచేస్తాను. మావాడు పొద్దున్నే బస్సెక్కి మందుల షాపుకి వెళతాడు. వాడికి పానాకీ చెంచాకీ తేడా తెలియదు. నా పెంపకమే, ఎవర్నీ అనుకుని లాభం లేదు. కోడలు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తుంది. రోజంతా లిఫ్టు గోతుల్లోకి దిగి తాళ్ళూ చక్రాలూ చూసి, ఇంటికొచ్చాక సరదాకి మళ్ళీ ఈ కారు కిందికి దూరుతుంది. దాన్ని సరదా అంటారని నాకు అంతకుముందు తెలియదు.

పెద్దకోడల్ని ఒకే ఒక్కసారి ఎక్కాను. గుడ్డల బజారు మాకు ఊరికి అవతలి కొసన ఉంది. గురువారం అక్కడ కొత్త తానులు దిగుతాయి. రెండు బస్సులు మారి వెళ్ళి, సంచులు మోసుకుని మళ్ళీ రెండు బస్సులు మారి రావాలి. నా నడుము అప్పటికే అంతంత మాత్రం. "నేను తీసుకెళ్తాను, రండత్తయ్యా" అంది కోడలు. తీసుకెళ్ళింది. దారిలో ఎన్ని గతుకులున్నాయో అన్నీ నా వెన్నులోకి ఎక్కాయి. ఇల్లు చేరేసరికి ప్రాణాలు కళ్ళల్లోకి వచ్చాయి. మావాడు రెండు చేతులూ పట్టి లాగితే గానీ లేవలేకపోయాను. నేనేమీ అనలేదు. నేను ఏమీ అనకపోతే ఎలా ఉంటుందో మా ఇంట్లో వాళ్ళకి తెలుసు. మరుసటి గురువారం నుంచి మళ్ళీ బస్సులే.

నేను కారెక్కిన ఆ వారమే, ఆదివారం నాడు కోడలు కారుని ఇనుప స్టాండ్ల మీదికి ఎత్తి చక్రాలు ఊడదీసింది.

"ఏమైంది దీనికి?" అన్నాను షెడ్డు గుమ్మంలో నిలబడి.

"కింద రబ్బర్లు అరిగిపోయాయత్తయ్యా. కుదుపులు ఆపే షాకులూ మార్చేస్తున్నా."

చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చేతులుంటాయట. వాటి కీళ్ళలో రబ్బరు బుష్షులుంటాయట. అవి అరిగితే ఇనుముకి ఇనుము కొట్టుకుంటుందట.

"కీళ్ళ అరుగుదలన్నమాట" అన్నాను.

"అదే. మీకూ దానికీ ఒకటే జబ్బు."

నవ్వొచ్చింది గానీ మింగేశాను. ఎందుకంటే అప్పటికే నేను వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నాను. మా చెల్లెలు పక్క ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది. "వచ్చెయ్యక్కా, కింది గది ఖాళీయే" అని ఎప్పట్నుంచో పోరుతోంది. ఇది కోపంతో చేసిన పని కాదు. పిల్లలిద్దరూ మంచివాళ్ళే, అదే వచ్చిన చిక్కు. గయ్యాళి కోడలైతే పంతానికైనా ఉండేదాన్ని. వాళ్ళిద్దరూ వంటింట్లో ఏదో చెప్పుకుని పకపకా నవ్వుతుంటారు. నేను మంచినీళ్ళకి వెళితే నవ్వు ఆగుతుంది. మర్యాదగా పక్కకి జరిగి నాకు దారి ఇస్తారు. ఆ మర్యాద నాకు సూదిలా గుచ్చుకునేది. ఈ ఇల్లు వదిలిపెట్టాలంటే ఏడుపొచ్చేది, ఉంటే అడ్డంగా ఉన్నానేమో అనిపించేది. చెల్లెలికి వస్తానని మాటిచ్చాను. మావాడికి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. కుట్టుమిషను తల విప్పి, పాత దుప్పటిలో చుట్టి, మంచం పక్కన పెట్టుకున్నాను.

ఇంతలో షెడ్డు పని ఇల్లంతా పాకింది. ఐసు కోసం ఫ్రీజరు తెరిస్తే బఠాణీల పక్కన నల్లటి బుష్షులు. చలికి వాటి ఇనుప తొడుగు పిసరంత ముడుచుకుంటుందట, అప్పుడు సుళువుగా దూరుతుందట. ఇంకో రోజు కోడలు మోచేతులదాకా మసితో వచ్చి, "అత్తయ్యా, మీ గుర్తుల సబ్బు ముక్క ఒకటి ఇస్తారా? ఈ కడ్డీకి రబ్బరు ఎక్కనంటోంది. నూనె రాస్తే పాడవుతుంది" అంది. గుడ్డ మీద గీతలు గీయడానికి అరిగిపోయిన సబ్బు ముక్కలు దాచుకుంటాను. అవి ఎవరికీ ఇవ్వను. ఏమనుకున్నానో, మంచిది చూసి మరీ ఇచ్చాను.

తరవాత నా కుర్చీ షెడ్డు గుమ్మం దగ్గరికి జరిగింది. వెలుతురు బాగుంటుందని వాళ్ళతో చెప్పాను. ఒళ్ళో కోటు పెట్టుకుని కాజాలు కుడుతూ చూసేదాన్ని. కోడలు బుష్షుని బల్లకి బిగించిన వైసు దవడల మధ్య పెట్టి, పిడిని ఒక్కో చుట్టే తిప్పుతూ, "రా తల్లీ, రా, ఇంకొంచెం" అని బతిమాలేది. మందపాటి గుడ్డలో సూది దిగనప్పుడు నేను అనే మాటలే అవి. ఆ సంగతి నేను చెప్పలేదు.

అన్నీ బిగించి చక్రాలు తొడిగి ఒక ఆదివారం మధ్యాహ్నం కారుని కిందికి దించింది. పెద్దకోడలు నేల మీదికి దిగింది గానీ కుదురుగా కూర్చోలేదు. మునివేళ్ళ మీద నిలబడ్డట్టు ఎత్తుగా ఉండిపోయింది. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేసరికి ప్రతి గతుక్కీ మూలుగు వినిపించింది. కోడలు ఇంజను ఆపి, దిగి, షెడ్డు గచ్చు మీద కూలబడింది.

"అంతా గాల్లోనే బిగించేశానత్తయ్యా" అంది.

చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు అలాగే పట్టుకుపోతుందట. కారు దించగానే మెలిపడి, కొన్నాళ్ళకే చిరిగిపోతుందట. చక్రాలు కింద ఆని, సీట్లలో మనుషులు కూర్చుని ఉండగా బిగించాలట.

"నాకు తెలిసిన సంగతే. తొందరలో మర్చిపోయాను. ఇన్నాళ్ళ పని."

ఏడుపు ఆపుకుంటోందని గొంతులో తెలిసిపోయింది. చేతులు పైకెత్తించి కొలతలు తీసుకుంటే, చేతులు దించాక కోటు భుజాల దగ్గర ఉబ్బుతుంది. పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు ఎన్ని కోట్లు అలా పాడుచేశానో.

"గుడ్డ చిరిగిందా?" అన్నాను.

"లేదు. రబ్బర్లు బాగానే ఉన్నాయి."

"మరి ఇంకేం? విప్పి మళ్ళీ కుట్టు. కుట్టు విప్పడం పనిలో భాగమే."

ముక్కు మోచేత్తో తుడుచుకుని నావైపు చూసింది. ఆ చూపులో అంత చనువు చూసి నేను కోటు వైపు తల దించుకున్నాను.

మరుసటి ఆదివారం కారుని చెక్క దిమ్మల మీదికి ఎక్కించి, నాలుగు చక్రాలూ ఆనేలా నిలబెట్టింది. బోల్టులన్నీ వదులు చేసింది. తన బరువెంతో తూచి, అంత ఇసుక సంచుల్లో నింపి డ్రైవరు సీట్లో పెట్టింది. అక్కణ్ణుంచి నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. దుప్పటి మూటని కాలితో మంచం కిందికి తోశాను.

"అత్తయ్యా, వచ్చి పక్కసీట్లో కూర్చుంటారా?"

"నేనెందుకమ్మా? ఇంకో రెండు సంచులు పెట్టు."

"కొలతకి ఎవరైనా పాత కోటు తెస్తే మీరు ఒప్పుకోరు కదా. మనిషే వచ్చి నిలబడాలంటారు."

ఆ మాట నిజమే. కానీ ఎప్పుడూ తనతో అనలేదు, నా దగ్గరికొచ్చే వాళ్ళతో అంటాను. ఈ పిల్ల అవన్నీ వింటూ ఉందన్నమాట.

"ఎక్కడికీ వెళ్ళం. కదలని బండేగా" అంది.

మావాడు నన్ను మడతపెట్టి సీట్లోకి దించి, టార్చి పట్టుకుని వంగాడు. కోడలు చాప మీద వెల్లకిలా జరుగుతూ కారు కిందికి వెళ్ళింది. బిగువు సరిపోగానే టిక్కుమనే పానా ఒకటుంది తన దగ్గర. ఆ చప్పుడు నా కాళ్ళ కింద వినిపించింది.

"కదలకండి అత్తయ్యా."

"ఊఁ."

"మిషనుకి దుప్పటి ఎందుకు చుట్టారు?"

"దుమ్ము పడకుండా" అన్నాను.

మళ్ళీ టిక్కుమంది. "చిన్నత్తయ్య ఫోను చేశారు. మీ గదికి ఏ రంగు వేయించాలని అడిగారు."

మా చెల్లెలి నోట్లో నువ్వుగింజ నానదు. మావాడు టార్చి పట్టుకునే, "ఏ గది?" అన్నాడు. వాడికి ఏదీ సమయానికి తెలియదు.

లేచి పోదామంటే ఆ సీట్లోంచి ఒకరు లాగనిదే లేవలేను. కిందేమో బోల్టులు సగంలో ఉన్నాయి. ఇక దాచి లాభం లేదని ఎదురుగా ఉన్న అద్దంతో మాట్లాడాను.

"మీ మీద కోపం కాదమ్మా. మీరిద్దరూ హాయిగా ఉన్నారు. మధ్యలో నేనొచ్చినప్పుడల్లా మీ నవ్వు ఆగిపోతుంది. ఆఖరికి బండికి కూడా రెండే సీట్లు. నేనెక్కడ కూర్చోను?"

కింద పానా ఆగింది.

"మీ అబ్బాయి ఈ కారెక్కడం ఎప్పుడైనా చూశారా?" అంది కోడలు.

ఆలోచించాను. చూడలేదు.

"పెళ్ళికి ముందు ఒక్కసారి ఎక్కించాను. దిగి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. మళ్ళీ ఎక్కితే ఒట్టు."

మావాడి వైపు చూశాను. "నాకు బస్సే హాయమ్మా" అని టార్చి వైపు చూసుకున్నాడు.

"మరి ఈ సీటు ఎవరిది?"

"మీదే. గురువారం సీటు. పాత షాకులు కారు పందేలవాళ్ళు వేయించినవి, రాళ్ళలా ఉండేవి. నిజం చెప్పాలంటే నాకవే ఇష్టం. మెత్తటివి మీ నడుము కోసం వేశాను. ముందే చెబితే వద్దంటారని చెప్పలేదు. ఇక నవ్వంటారా, మా వల్ల మీకు నిద్ర పాడయి లేచొచ్చారేమోనని భయంతో ఆపేస్తాం" అంది.

మూడేళ్ళ పిల్లలా కళ్ళు నిండిపోయాయి నాకు. ఎవరూ చూడకూడదని తల పక్కకి తిప్పితే ఇసుక సంచులు కనిపించాయి. వాటి ముందు సిగ్గేమిటని ఏడ్చేశాను. మావాడు ఏం చేయాలో తోచక టార్చి ఆర్పి, మళ్ళీ వెలిగించాడు.

"అత్తయ్యా, ఇంకో మాట" అంది కోడలు మెల్లిగా. "మీరింకా సరిగ్గా కూర్చోలేదు. స్ప్రింగు చూస్తే తెలుస్తోంది. చేతుల మీద ఆనుకుని ఉన్నారా?"

చూసుకున్నాను. నిజమే. ఎక్కినప్పటి నుంచీ రెండు అరచేతులూ సీటు అంచుకి నొక్కిపెట్టి, సగం లేచే కూర్చున్నాను.

"పూర్తిగా కూర్చోండి. లేకపోతే మళ్ళీ తప్పు బిగిస్తాను."

చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. వీపు వెనక్కి వాల్చాను. నాతోపాటు బండి కూడా కిందికి దిగింది, వేలి మందం కూడా ఉండదు. కింద టిక్కుమంది.

"అయిపోయింది, దిగండి" అంటూ కోడలు బయటికి జరిగి, నా తలుపు పక్కనే గచ్చు మీద కూర్చుంది. మొహం నిండా మసి. మావాడు నన్ను లేపడానికి చేతులు చాపాడు.

"కాసేపుండనివ్వరా" అన్నాను. "నువ్వు నా గదిలోకి వెళ్ళి, మిషనుకి చుట్టిన దుప్పటి విప్పి పట్రా. గచ్చు చల్లగా ఉంది, అమ్మాయి దాని మీద కూర్చుంటుంది."