పాలు పొంగించని బండి

"ఒలే దేవీ, ఇటు రాయే. నీ వంటగది సూడు."

గిన్నెలు తోముతున్న చేతులతోనే పెరట్లోకి వెళ్ళాను. మా బావ, అంటే నా మొగుడు, ఢిల్లీబాబు వేసవంతా కట్టిన బండి జీడిచెట్టు పక్కన నిలబడి ఉంది. ముందు బొద్దుగా, వెనక సన్నగా, అచ్చం నీటిబొట్టు ఆకారం. బావకి పలాసలో వెల్డింగు షాపు. ఎవరో విదేశీయులు ఇలాంటి బండి కట్టుకుని సముద్రాల వెంట తిరగడం ఫోనులో చూశాడు. అంతే, పాత ట్రాలీ ఇరుసు తెచ్చి, ఇనప చట్రం అతికి, ప్లైవుడ్డు తడిపి వంచి, పైన రేకు తొడిగాడు. లోపల ఇద్దరు పడుకోవచ్చు. షాపు జీపు వెనక తగిలించుకుని పోవడమే. ఇప్పుడు వెనక తలుపు పైకెత్తి చూపించాడు. గ్యాసు పొయ్యికి అర, పోపుల డబ్బాకి గూడు, గరిటెకి కొక్కెం. పలకల అంచులన్నీ గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేశాడు. "నీ సెయ్యి గీరుకుపోకూడదని," అన్నాడు. పెళ్ళినాటి మొహంలా వెలిగిపోతోంది ఆ మొహం. ఇంత ప్రేమగా నన్ను పొయ్యి ముందు నిలబెట్టే మనిషిని ఏమనాలి?

విశాఖలో అలల మీద స్వారీ నేర్పే క్లబ్బుకి షెడ్డు వేయడానికి వెళ్ళి, ఆ విద్య తనూ నేర్చుకుని, వాళ్ళు పక్కన పడేసిన పాత బోర్డు తెచ్చుకున్నాడు బావ. మా దగ్గరి అక్కుపల్లి సముద్రపు ఒడ్డున నన్ను దాని మీద ఎక్కించిందీ అతనే. ఆ గొప్ప అతనిదే, కాదనను. "మోకాళ్ళు వంచు, కిందకి సూడకు!" అని అరుస్తూ గుండెలోతు నీళ్ళలో నిలబడి తోశాడు. ఒక్కసారి నిలబడ్డాను. అల నన్ను ఒడ్డుదాకా మోసుకొచ్చింది. ఊహ తెలిశాక నన్ను ఎవరైనా మోయడం అదే మొదలు. కానీ అల తెల్లారగట్లే నున్నగా ఉంటుంది. ఎండెక్కి గాలి లేచిందంటే అంతా నురగే, చిందరవందరే. ఆదివారం నేను వండి, సర్ది, అత్తకి అన్నం మూతపెట్టి బైకు ఎక్కేసరికి గాలి లేచే ఉంటుంది. వారమంతా జీడి బట్టీలో పప్పు మీద పొట్టు తీసే నాకు ఆ ఒక్క పొద్దు కావాలి. బండి కడతానంటే అందుకే గంతేశాను. ఒడ్డునే పడుకుంటే తెల్లవారుజాము నాదే అనుకున్నాను.

"నా సావాసగాడు రవికుమారోల్లు కూడా వత్తామన్నారు," అన్నాడు బావ. "తెల్లారి నువ్వు టీ ఎట్టి, ఉప్మా కలిపీసినావనుకో, మేం అలలాడి వచ్చీసరికి ఏడేడిగా..."

"మరి నానెప్పుడాడాల?"

"తరవాత. సముద్రం ఎక్కడికెలిపోద్దే?"

సముద్రం ఎక్కడికీ పోదు. గాలి వస్తుంది. ఆ సంగతి నాకు నేర్పిందే అతను. వండే ఆడదానికి ఏ సుఖమైనా 'తరవాత'లోనే ఉంటుంది, ఆ తరవాత వచ్చేసరికి అందరూ తినేసి చేతులు కడుక్కుని ఉంటారు. బట్టీలో మేస్త్రీ కూలి పెంచమంటే ఏమంటాడు? "కూకుని సేసే పనే కదేటి!" కూర్చుని ఒలిస్తే పని కాదు, నిలబడి వండితే పని కాదు. ఇంకెలా చేస్తే పనో ఈ మగాళ్ళు ఒక్కరోజు చేసి చూపించాలి. పొయ్యికి చక్రాలు తగిలిస్తే అది తీరం చూస్తుందేమో గానీ నేను చూడను. నా వీపు సముద్రం వైపు ఉంటుంది.

ఇంతలో మా అత్త దాలమ్మ వచ్చింది. మా నాన్నకి స్వయానా చెల్లెలు. బండి చుట్టూ తిరిగి, లోపలికి తొంగిచూసి, తేల్చేసింది.

"పొయ్యుంది, పడకుంది. ఇది ఇల్లేరా బాబూ. శుక్రవారం దేవి సేత పాలు పొంగించాలి. అప్పుడే అందులో పడుకోవాల."

కొత్త ఇంట్లో పాలు పొంగించేది ఇల్లాలు. పొంగించాక ఆ పొయ్యి ఆమెదే, ఇంక ఎవరూ దాని వంక చూడరు.

"పొయ్యి నేకపోతే, అత్తా?"

"నేకపోతే బండే. సక్రాల కింద నిమ్మకాయలెట్టి తొక్కించీడమే. దానికి పాలెందుకు?"

నేను స్పానరు అందుకున్నాను. "అయితే ఇది బండే," అని పొయ్యి అర కింద బోల్టుకి తగిలించాను.

"ఓలమ్మో, అలిగీసినావేటి? నీకోసం కట్టపడి సేత్తే!" బావ గొంతు నిజంగానే నొచ్చుకుంది.

"నాకోసమే సేసినావు బావా. ఇంత నున్నగా నాకెవులూ ఏదీ సేసియ్యనేదు. కానీ పొయ్యొత్తే నాను వంటకొత్తాను. పొయ్యి నేకపోతే నీతో వత్తాను. ఏది కావాలో సెప్పు."

"మరి తిండో?"

"అక్కుపల్లోల్లు గాలి తిని బతకతన్నారేటి? ఆల్లేటి తింతే అదే."

బావ నన్ను చూశాడు, తను నున్నగా రుద్దిన అంచు మీద చెయ్యి వేసి చూశాడు. నా చేతిలో స్పానరు లాక్కున్నాడు. విసిరేస్తాడనుకున్నాను. "అలగ తిప్పితే రాదే. అటేపు నట్టుంది," అని గొణుక్కుంటూ వంగాడు. ఒక్కో బోల్టుకీ ఒక్కో నిట్టూర్పు. అర ఊడి వచ్చింది, గూడు ఊడింది. పడకకీ పొయ్యి చోటుకీ మధ్య అడ్డు పలక ఒక్కటే మిగిలింది.

ఇంక అత్త తిట్లు మొదలవుతాయని కాచుకున్నాను. ఆవిడ ఖాళీ అయిన ఆ చోటు వంకే చూస్తోంది.

"పూరీ తీర్తం ఎల్లినా కిరసనాయిలు పొయ్యి ఒళ్ళో ఎట్టుకునే ఎల్లినాను," అంది చివరికి. "మీ మావ దేవున్ని సూసినాడు. నాను అన్నం వార్సినాను."

చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, పక్క తలుపులోంచి బండిలోకి పాకింది.

"ఏటి సేత్తన్నావమ్మా?" అన్నాడు బావ కంగారుగా.

లోపల అత్త కాళ్ళు చాపి పడుకుని, పాదంతో ఆ పలకని తట్టింది.

"దీన్నీ ఇప్పీరా బాబూ. ఆ పొయ్యి సోటు కలిత్తే ముగ్గురం పడతాం."