పసుపు పూసిన ఇంజన్

"చెల్లె, నోరు తీపి చెయ్యాలె! మీ ఆయన కొలువు పక్కా అయినట్టే!"

చెరువు కావలి కట్టయ్య కొత్తవాడలో రాజలింగం వాకిట్లో సైకిల్ దిగకముందే అరిచాడు. ఎల్లుండి ఆఫీసరు వస్తాడట. వడ్డేపల్లి చెరువులో కొత్త మోటారు పడవ ఒక్క చుట్టు తిరిగొస్తే చాలు, రాజలింగం పర్మనెంటు డ్రైవరు.

పెళ్లై నెల తిరగని సరస్వతికి నవ్వు ఆగలేదు. కట్టయ్య చేతిలో బెల్లం ముక్క పెట్టింది. మొగుడి ఖాకీ చొక్కాకు గుండీ కుడుతూ కూడా నవ్వుకుంది.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున పడవకు పూజ ఆమె చేతే చేయించారు. "కొత్త కోడలి చెయ్యి, అంత మంచే జరుగుతది" అన్నాడు కట్టయ్య. ఇంజన్ పడవ కడుపులో, చెక్క మూత కింద ఉంది. మూత ఎత్తించి సరస్వతి తడి పసుపు దండిగా పూసింది, కుంకుమ దిద్దింది, కొబ్బరినీళ్లు చిలకరించింది. "బొట్టు పెడితే ఎంత ముద్దుగున్నదో సూడుండ్రి!" అని ఆమె అంటే రాజలింగం కూడా మురిసిపోయాడు.

ఆఫీసరు ఎక్కాడు. రాజలింగం తాళం తిప్పాడు. ఇంజన్ గిర్రున తిరిగింది గానీ అందుకోలేదు. బ్యాటరీ బాగుంది, పెట్రోలు వస్తోంది. ప్లగ్గు విప్పి ఇనుముకు ఆనించి చూశాడు, నిప్పురవ్వ లేదు. కొత్త ప్లగ్గులు వేశాడు. అప్పుడూ లేదు. ఆఫీసరు విసుగ్గా దిగిపోయాడు. "ఇంకో మనిషిని సూసుకుంటం" అన్నాడు. జీపు వెళ్లిపోయింది.

అప్పుడు గానీ, ప్లగ్గులకు కరెంటు పంచే నల్ల డబ్బా మూత ఊడదీయాలని రాజలింగానికి తట్టలేదు. వైర్ల సందుల్లోంచి జారి, లోపలంతా పసుపునీళ్లు. కరెంటు ఆ తడిలోనే ఇంకిపోతోంది. గుడ్డతో తుడిచి బిగించగానే ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. చూసేవాడు లేని పడవ దడదడలాడింది.

కట్టయ్య సరస్వతి కాళ్ల వైపు చూశాడు. "ఇంజన్‌కేం రోగం లేదు. కొందరి అడుగు గట్లనే ఉంటది, లింగన్నా."

పసుపంటిన గుడ్డ రాజలింగం చేతిలోనే ఉంది. చెప్తాడని సరస్వతి చూసింది. అతను గుడ్డను చెరువులో జాడించి, పిండి, భుజాన వేసుకున్నాడు.

"ఏం జేస్తం కట్టన్నా" అన్నాడు.

ఇంట్లో అన్నం పెడుతూ అడిగింది. "చెయ్యి మంచిదన్నోడే అడుగు చెడ్డదంటాంటె ఊకున్నరు. తడికి ఆగిందని మీకు తెల్వదా?"

"తెల్సు."

"మరి?"

అతను తలెత్తలేదు. "రేపు పొద్దుగాల పరకాల పోత. లారీ షెడ్డుల పని అడుగుత." నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు. "నువ్వు ఎదురు రాకు సరూ. నేను గడప దాటినంక లేద్దువు గని."