షెల్టరు కింద ఏడుగురు

వడగళ్ల వానలో బస్ షెల్టరు కింద నిలబడ్డ పాపానికి రీస్‌ను పోలీసులు రెక్కలు విరిచి పట్టుకెళ్లారు. పక్కనే ఉన్న కీలీ కళ్లారా చూసింది.

"నేనేం చేశాను? చెప్పండి, ఏం చేశాను?" అని వాడు బండి తలుపు మూసేదాకా అరుస్తూనే ఉన్నాడు.

పదహారేళ్లవాడు. మోటారుసైకిల్ దొంగతనం కేసులో కీలీతో పాటు దొరికాడు. శిక్ష బదులు ఏడాది పర్యవేక్షణ, ఒక షరతు: ఇద్దరూ బయట కలవకూడదు. అయితే ఆ ఇద్దరినీ, బయట ఒకరినొకరు కలవకూడదన్న అలాంటి షరతే ఉన్న మరో ఆరుగురినీ ప్రతి గురువారం నాలుగింటికి ఒకే ఆఫీసుకు పిలిచేది ఆ షరతు పెట్టిన పెద్దమనుషులే. లోపల పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటే హాజరు. గడప దాటి పక్కపక్కన నిలబడితే నేరం!

వాళ్ల పేటకు గంటకో బస్సు. అందుకని పిల్లలే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరు షెల్టరు కింద, మిగిలినవాళ్లు చిప్స్ కొట్టు దగ్గరా గోడ పక్కనా విడివిడిగా నిలబడేవాళ్లు. ఆ రోజు టీస్ ఏటి మీంచి గాలి కోసేస్తుంటే కీలీకి మనసాగలేదు. "చస్తావురా సన్నాసీ, లోపలికి రా!" అని పిలిచింది తనే.

వాడికి అంతకుముందే రెండు హెచ్చరికలున్నాయి. రెండూ బస్సు ఆలస్యమై హాజరుకు వేళ మించిన పుణ్యమే; మూడోసారి దొరికితే అరెస్టే. కాగితాల్లో మాత్రం వాడు మళ్లీ తప్పుచేసినవాడు.

మరుసటి గురువారం పర్యవేక్షణ అధికారి గ్లెండా హాజరు గదిలోనే కీలీ ముందు ఒక కాగితం పెట్టింది.

"వాడే నీ వెంట పడ్డాడని సంతకం చెయ్యమ్మా. నీ ఏడాది తీరడానికింక పదకొండు రోజులే. సోమవారం బేకరీలో చేరాలిగా?"

"చెయ్యకపోతే?"

"నిన్నూ కోర్టుకు పంపాల్సొస్తుంది. రూలు నేను పెట్టింది కాదు."

"పెట్టెయ్యవే," అన్నాడు ఆ ఆరుగురిలో ఒకడైన మార్లన్, వెనక కుర్చీలోంచి. "వాడెలాగూ లోపలే ఉన్నాడు."

"సిగ్గులేదురా?" వాడి పక్క కుర్చీలోని షానీస్ లేచింది. "రేపు నీ మీదా ఇలాగే పెట్టిస్తారు. అప్పుడెవరు మిగులుతారు నీకు?"

మార్లన్ తల దించుకున్నాడు. కీలీ ఆ బేకరీ పని కోసం నెల రోజులు తిరిగింది, అమ్మ తెల్ల ఏప్రన్ కూడా కొని ఇస్త్రీ చేసి పెట్టింది. కలం తీసుకుంది. "వాడంతట వాడు రాలేదు. నేనే పిలిచాను," అని రాసి సంతకం చేసింది.

"పిచ్చిపిల్లా, నీ బతుకు నువ్వే పాడుచేసుకుంటున్నావు!"

"బాగుచెయ్యడానికి మీరేం మిగిల్చారు?"

షానీస్ ఆ కాగితం లాక్కుని, "నేనైనా పిలిచేదాన్నే," అని కింద రాసింది. తర్వాత మరొకరు. కాగితం చేతులు మారింది. చివరికి మార్లన్ తిట్టుకుంటూనే సంతకం గీకాడు.

ఏడుగురూ కలిసి బయటికొచ్చారు. ఏడాదిలో మొదటిసారి ఒకే షెల్టరు కింద భుజాలు ఆనించి నిలబడ్డారు. కిటికీలో గ్లెండా ఫోన్ చెవికి పెట్టుకుని కనబడింది.

పోలీసు బండి కంటే ముందు బస్సొచ్చింది. డ్రైవరు తలుపు తెరిచాడు.

"ఎక్కుతారా లేదా?"

"నువ్వెళ్లన్నా," అంది కీలీ. "మాలో ఇంకొకడు రావాలి."